కందిలి ఆరిపోయిన బావి

ఆ మెయిల్ వచ్చిన రోజు నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. విరామంలో ఫోన్ తెరిచి చూశాను. పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టేవాళ్లకూ, మధ్యలో మానేసి మళ్లీ రావాలనుకునేవాళ్లకూ ఇచ్చే సీడ్ గ్రాంటుకు భూగర్భశాస్త్రంలో నన్ను ఎంపిక చేశారని ఉంది. సంతోషం రావాలి. రాలేదు. ఇంకెవరికో పంపబోయి నాకు పంపారేమోనని పైనున్న పేరు మూడుసార్లు చదువుకున్నాను.

డాక్టరేట్ పూర్తిచేసిన ఏడాదే నాకు బిడ్డ పుట్టింది, నెలలు నిండకుండా. అది కాస్త కోలుకునేసరికి మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఆ తొమ్మిదేళ్లలో నేను రాయిని రాయిగా చూసింది తక్కువ. బస్సు కిటికీలోంచి గుండ్లు కనిపిస్తే తల తిప్పుకునేదాన్ని. చూస్తే ఏదో అడుగుతాయన్నట్టు ఉండేది.

సాయంత్రం అమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాను. అమ్మ గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. చేట్లోంచి తలెత్తకుండానే అడిగింది.

"సీడంటే విత్తనాలే గదా. ఏం విత్తనాలకిస్తున్నరు? మక్కలకా?"

"విత్తనాలకు కాదమ్మా. చదువుకు. రాళ్ల మీద పని మొదలువెట్టనీకి."

"మరి మొలవకపోతే?"

అమ్మ ఊరికే అన్న మాట అది. నేను మాత్రం ఫోన్ తీసి మెయిల్ మళ్లీ చదివాను. మొదటి ఏడాది పని చూసి, నచ్చితేనే రెండో ఏడాది ఇస్తామని ఆ మెయిల్లో స్పష్టంగా రాసి ఉంది.

నా భయానికి అసలు కారణం వేరే ఉంది. అది నేను ఎవరికీ చెప్పలేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా పొలాల్లో పాత బావులు ఎన్నో ఉన్నాయి. బోర్లు వచ్చాక వాటిని వదిలేశారు. బోరు వేస్తే భూమిలో ఏముందో కనిపించదు. బావి గోడ మాత్రం నిలువునా కోసిపెట్టినట్టు ఉంటుంది. పైన ఎర్రమట్టి, కింద మొరం, దాని కింద రాయి, రాతిలో పగుళ్లు. నీళ్లు నడిచేది ఆ పగుళ్లలోనే. ఒక చేనులో బోరు పడి, పక్క చేనులో ఎందుకు ఎండిపోతుందో ఆ గోడల్లో వెతకాలని నా ఆలోచన. హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు కమిటీలో ఒక పెద్దాయన కళ్లద్దాల మీదుగా చూస్తూ అడిగాడు.

"ఈ బావుల్లోకి ఎవరు దిగుతారు? మీరేనా?"

"నేనే దిగుతాను సార్" అన్నాను.

జీవితంలో నేను ఏ బావిలోకీ దిగలేదు. నా డాక్టరేట్ పనంతా గుట్టల మీద, ఎండలో, ఆకాశం కింద జరిగింది. ఆ ప్రశ్నకు కాస్త ఆగి ఉంటే తొమ్మిదేళ్ల విరామం ముఖం మీద కనిపిస్తుందేమోనని ఆగకుండా చెప్పేశాను.

ఇంట్లో అటక మీంచి పాత దిక్సూచి దించాను. రాతి పగులు ఏ దిక్కుకు సాగిందో, ఎంత వాలిందో కొలిచేది అదే. వంటగట్టు మీద చపాతీ పీటను ఏటవాలుగా ఆనించి కొలవబోయాను. ఏ అంచు ఆనించాలో గుర్తుకు రాలేదు. మా అమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది. "నీకు రాదా అమ్మా?" అంది. పాత నోటుపుస్తకం తీసి, విద్యార్థినిలా మళ్లీ మొదటి పేజీ నుంచి నేర్చుకున్నాను.

కాలేజీలో క్లాసులు వదిలేసి పని మొదలుపెట్టాక కొంత ధైర్యం వచ్చింది. ఎల్లారెడ్డిలో ఒకప్పుడు బావులు తవ్విన మనిషి దొరికాడు. యాభై దాటి ఉంటాయి. బావుల పని పోయాక మేస్త్రీ పనికి వెళుతున్నాడు. రోజు కూలికి నా తాడు పట్టడానికి ఒప్పుకున్నాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. మొదటి పదకొండు బావులూ వెడల్పైనవి. కొన్నింటికి మెట్లున్నాయి. కొన్నింటిని గట్టు మీంచే కొలిచాను. ఒక్కదాంట్లోకీ తాడుతో దిగలేదు. దిగాల్సినవి వెనక్కి నెట్టుకుంటూ వచ్చాను.

వెనక్కి నెట్టడానికి నాకో సాకు కూడా ఉంది. పాడుబడ్డ బావుల్లో గాలి చెడిపోతుంది. దిగేముందు గాలిని చూసే మీటరు కావాలని నేనే దరఖాస్తులో రాశాను. దాన్ని కొనే ఫైలు ఏదో బల్ల మీద ఆగిపోయింది. ఫోన్ చేస్తే వచ్చే వారం అనేవారు. అలా వారాలు గడిచి మే నెల వచ్చింది. నివేదిక ఇవ్వడానికి పదిహేను రోజులే మిగిలాయి. నా చేతిలో ఉన్నవి పదకొండు బావుల కొలతలు, అవీ పైపైవి. నాగిరెడ్డిపేట దగ్గర ఒకే వరుసలో మూడు బావులు ఉన్నాయి. ఉపగ్రహ చిత్రంలో ఆ వరుస వెంట ఒక పెద్ద పగులు జాడ కనిపిస్తోంది. అవి కొలవకపోతే నివేదికలో చెప్పడానికి ఏమీ లేదు.

బావిలో పడతానేమోనన్న భయం ఒకవైపు, గ్రాంటు పోతుందన్న భయం ఒకవైపు. ఆ వారం రెండోదే గెలిచింది.

ఆ మూడింటిలో మొదటిది ఒక చిన్న పల్లె వెనక చేనులో ఉంది. బావిగలాయన బతుకుదెరువుకు భివండిలో ఉంటున్నాడు. ఫోన్లో అడిగితే "చూసుకోన్రి మేడం" అన్నాడు. వెళ్లి చూస్తే ఇరుకు బావి, పన్నెండు గజాల లోతు, నీళ్లు లేవు. అడుగున ఆకులు కుళ్లి నల్లగా ఉన్నాయి. ఉదయం పది దాటింది. ఆకు కదలడం లేదు.

అన్న గిరక బిగిస్తూ అడిగాడు. "గాలి చూసే మిషిన్ వస్తదన్నరు గద మేడం. ఏది?"

"వచ్చే వారం వస్తది అన్నా. ఇది ఒక్కటి జల్ది చూసి ఎక్కుత."

ఆయన నా వంక ఒకసారి చూసి మళ్లీ తాడు ముడి చూసుకున్నాడు. నేను నడుముకూ భుజాలకూ బెల్టు బిగించుకున్నాను. గట్టు అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాను. కిందినుంచి చల్లదనం పాదాలకు తగిలింది. నోట్లో తడి లేదు. ఇదే భయం, దీన్ని దాటితే చాలు అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

"ఎవలు బిడ్డా నువ్వు?"

వెనక్కి తిరిగాను. చేతిలో కొడవలితో ఒక ముసలామె నిలబడి ఉంది. భివండిలో ఉన్నాయన తల్లి అని తర్వాత తెలిసింది. కొడుకు ఆమెకు ఏమీ చెప్పలేదు.

"రాళ్లు చూడాలె అవ్వా. నీళ్లు ఏ పగులుకెల్లి వస్తయో కొలుస్తున్న."

"పైకెల్లి చూడరాదా?"

"పైకెల్లి కనవడయి."

ఆమె నా బెల్టు చూసింది, తాడు చూసింది, అన్న ముఖం చూసింది. "దీపం దించిన్రా?" అని అతన్నే అడిగింది. అన్న తలదించుకున్నాడు.

"దించకుంటనే ఆడివిల్లను దించుతున్నవా? నువ్వు బాయిలు తవ్వినోనివేనా? బిడ్డా, కాళ్లు బయటికి తియ్యి. నేనచ్చేదాక ఆడ నిలవడకు గూడ."

ఆమె గొంతులో ఉన్నదేమిటో తెలియదు గాని, కాళ్లు వాటంతటవే బయటికి వచ్చాయి. రెండు చేన్ల అవతల ఉన్న ఇంటికి వెళ్లి కందిలి తెచ్చింది. ముట్టించి, గాజు దించి, తాడుకు కట్టి అన్న చేతికిచ్చింది. ముగ్గురం గట్టు మీద వంగి చూశాం. కందిలి మెల్లగా దిగింది. గోడల మీద పసుపు వెలుగు పాకింది. రాతిలో పగులు ఒకటి నిజంగానే కనిపించింది, తడిగా, అడ్డంగా. దాన్ని చూడబోతున్నంతలో మంట చిన్నదైంది. ఒత్తి మీద పూసంత మిగిలింది. ఆరిపోయింది.

కింద ఇంకా సగం బావి ఉంది.

"మళ్ల ముట్టియ్యి" అంది ఆమె. అన్న పైకి లాగి ముట్టించి దించాడు. సరిగ్గా అక్కడే మళ్లీ ఆరిపోయింది.

గట్టుకు దూరంగా నేల మీద కూలబడ్డాను. బెల్టు విప్పుకోబోతే వేళ్లకు పట్టు దొరకలేదు. ఆమే వచ్చి విప్పింది. విప్పుతూ, వాన సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఇద్దరు పోయిన్రు బిడ్డా గిండ్ల. మోటరు పైపు ఇప్పుతనని మా ఇంటాయన దిగిండు. ఒక్కసారి దగ్గిండు, మళ్ల పలకలే. అన్నను తీస్తనని మా మర్ది దిగిండు. ఆయన గూడ పలకలే. నా పెద్ద కొడుకు తాడు వట్టుకుండు. ఆని కాళ్ల మీద వడ్డ. దిగనియ్యలే. ఊరోళ్లు ఏమన్నరో ఎరుకేనా? దీనికి మొగని మీద పాయిరం లేదన్నరు."

నేను పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాను. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ముఖం మీద చల్లింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్లారెడ్డి బస్సులో అన్న నా వెనక సీట్లో కూర్చున్నాడు. ముందుకు వంగి అన్నాడు. "తప్పు నాదే మేడం. ఒద్దనాలె. మీరు సదువుకున్నోళ్లు, మీకు ఎరుక ఉంటదనుకున్న." నాకు ఎరుకే. మీటరు కావాలని రాసిన చేయి నాదే. ఆయనకు ఆ మాట చెప్పలేదు. నేను పడిపోతే నా కోసం ఆయన దిగేవాడు. ఆ ఆలోచన వచ్చాక కామారెడ్డి దాకా కిటికీ కమ్మీ వదలలేదు.

మా ఆయనకు నాలుగు రోజులు చెప్పలేదు. ఐదో రోజు మధ్యాహ్నం అన్నం పెడుతూ చెప్పాను. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేస్తారు, స్తంభాలెక్కే మనుషుల్ని రోజూ చూస్తారు. కోప్పడతారనుకున్నాను. పళ్లెం పక్కకు జరిపి, "లైన్ బంద్ చేసిన్రో లేదో చూడకుండ ఎక్కినట్టే ఇది" అని మాత్రం అన్నారు. ఆ పూట ఇద్దరం తినలేదు.

ఆ తర్వాత కమిటీకి ఉత్తరం రాశాను. మీటరు లేకుండా దిగబోయానని, ఇక దిగనని, నివేదిక ఆలస్యమవుతుందని ఉన్నదున్నట్టు రాశాను. పంపే మీట నొక్కడానికి ఒక పూట పట్టింది. గ్రాంటు ఆపేస్తారని నమ్మకంగా అనుకున్నాను. కాలేజీ ప్రిన్సిపాల్‌ను కలిసి, నా పాత క్లాసులు తిరిగి ఇస్తారా అని అడిగి పెట్టుకున్నాను కూడా.

మూడో రోజు కమిటీలోని మేడం ఒకరు ఫోన్ చేశారు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కూడా అడగని ఆవిడ.

"మీ ఉత్తరం చదివాను. మీటరు వచ్చేదాకా ఒక్క బావిలోకి కూడా మీరు గానీ, ఇంకెవరు గానీ దిగకూడదు. దిగారని తెలిస్తే నేనే ప్రాజెక్టు ఆపిస్తాను. అర్థమైందా?"

"అర్థమైంది మేడం."

"ఆరు నెలలు గడువు పెంచమని రాశాను. ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కుంటాను." ఫోన్ పెట్టబోతూ మళ్లీ అన్నారు. "నేను కూడా పిల్లలు పుట్టాక ఏడేళ్లు ఇంట్లో ఉన్నాను. తిరిగొచ్చాక అన్నింటికీ అవునవును అనేదాన్ని. ఆ అలవాటు మానుకోండి."

ఫోన్ పెట్టేశాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మీటరు వానలు వెళ్లాక వచ్చింది. నాగిరెడ్డిపేట బావిలోకి ముందు దాన్నే దించాం. సగానికి రాకముందే కీచుమని అరిచింది. ఆ బావిలోకి దిగలేదు. దీపంతో కెమెరా కట్టి దించి ఫొటోలు తీశాం. అవ్వ పక్కకు వచ్చి నిలబడింది. చూపించాలో వద్దో తెలియక ఫోన్ పక్కకు తిప్పుకున్నాను.

"సూపెట్టు" అంది.

చూపించాను. అడుగున ఆకులు, ఒక పక్క గోడకు ఆనుకుని తుప్పు పట్టిన పైపు. ఆమె చాలాసేపు చూసింది. వేలితో తెర మీద పైపును తాకింది. "గింత పైపుకు" అంది. కొడవలి తీసుకుని చేనులోకి వెళ్లిపోయింది. తర్వాత నేను పంచాయతీ చుట్టూ తిరిగి ఆ బావి మీద ఇనుప జాలీ వేయించాను. వేసిన రోజు రమ్మని కబురు పెడితే, నాట్లున్నాయని ఆమె రాలేదు.

నేను మొదటిసారి దిగింది సదాశివనగర్ వైపు ఒక బావిలోకి. మీటరు నిమ్మళంగా ఉంది, అన్న తాడు పట్టుకున్నాడు, అయినా నా పళ్లు కొట్టుకున్నాయి. ఆరు గజాల కింద రాయి మొదలైంది. బూడిదరంగు గ్రానైట్, మధ్యలో గులాబీ పలుకులు. అడ్డంగా సాగిన పగులులోంచి నీళ్లు చుక్కచుక్కగా ఊరుతున్నాయి. తడి రాతి మీద అరచేయి ఆనించాను. తొమ్మిదేళ్లు. దిక్సూచి ఆనించి అంకె చదివాను. నమ్మకం లేక మళ్లీ చదివాను, మళ్లీ చదివాను.

"మేడం, అయిందా?" పైనుంచి అన్న అరిచాడు.

"ఇంకొక్కటి అన్నా. తాడు వదలకు."

"సచ్చినా ఇడువ" అన్నాడు ఆయన.

ఆ వరుసలో మిగతా రెండు బావులనూ చేర్చి రాసిన నివేదికను అంగీకరించారు. రెండో ఏడాది ఇచ్చారు. కాలేజీలో క్లాసులకు తిరిగి వెళ్లాల్సిన అవసరం రాలేదు. మొన్న బీడీలు చుడుతూ అమ్మ అడిగింది, భయం పోయిందా అని. పోలేదన్నాను. బావి గట్టు దగ్గర ఇప్పటికీ నా నోరు ఎండిపోతుంది. ఎండినప్పుడల్లా బెల్టు విప్పి, మీటరు మళ్లీ ఒకసారి దించి చూసుకుంటాను.