ఒంటిగీత, జంటగీత

నేను బర్మా బడిలో మూడో తరగతి దాటలేదు. తెలుగు అక్షరాలు నాన్న పలక మీద దిద్దించాడు గానీ, వాక్యం ఎక్కడ ఆపాలో చెప్పలేదు. నాకు తెలిసిన సున్నా ఒక్కటే, అది పలికే సున్నా. వాక్యం చివర పెట్టే చుక్క పలకదని, దాన్ని చూస్తే కాసేపు నోరు మూసుకోవాలని చెప్పింది నా కూతురు.

అది చిన్నపిల్లల బడిలో టీచరు. సాయంత్రాలు మా ముందుగదిలో ట్యూషన్ చెప్పేది. చౌక్తడా పేటలో మాది మూడో అంతస్తు, ముందుగదికీ వంటగదికీ మధ్య ఒక తెర. తెర ఇవతల నేను చేపలు తోముకుంటూ, అవతల పిల్లలు అరిచే పాఠాలన్నీ నేర్చుకున్నాను. బర్మా రాతలో చుక్కలుండవు, నిలువు గీతలుంటాయి. ఒక్క గీత పెడితే పౌకలే, అంటే చిన్నది. రెండు గీతలు పక్కపక్కనే పెడితే పౌమ, అంటే పెద్దది. పౌకలే దగ్గర ఊపిరి పీల్చుకో, పౌమ దగ్గర ఆగిపో అని పిల్లలు గొంతు చించుకునేవాళ్లు. ఇంగ్లీషులో వాటినే కామా, ఫుల్‌స్టాప్ అంటారనీ, ఆ ఫుల్‌స్టాప్‌నే కొందరు పీరియడ్ అంటారనీ అమ్మాయి చెప్పింది. నేను వింతపోయాను. బడిలో గంటగంటకీ మోగేదీ పీరియడే, నెలనెలా వచ్చేదీ పీరియడే, మళ్లీ ఇదొకటా. అంతకుముందు ఒకసారి అది, ఈ రోజు నాకు వరసగా పీరియడ్లున్నాయమ్మా అని మెట్ల మీదే అరిస్తే, మెల్లగా అనవే, కింద మగాళ్లున్నారు అని కసురుకున్నాను. అది నవ్వి నవ్వి కూలబడింది.

నవ్వని రోజు కూడా ఉంది. మా ఆయన మింగళాడోన్ విమానాశ్రయంలో సామాను ఎక్కించే పని చేసేవాడు. ఒక మధ్యాహ్నం అక్కడే పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ కోమా అంది. నాకు కామా అని వినిపించింది. అయితే ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెడతాడన్నమాటే అనుకుని, మంచం పక్కన నిబ్బరంగా కూర్చున్నాను. అమ్మాయి నా ముఖం చూసి, అమ్మా అది వేరే మాట అని చెప్పబోయి ఆగిపోయింది. ఆయన మళ్లీ మొదలుపెట్టలేదు. ఇంట్లో ఇద్దరం మిగిలాం. మా వాళ్లంతా నా చిన్నప్పుడే ఓడలెక్కి గంజాం వైపు వెళ్లిపోయారు.

తరవాత సిపాయిలు రాజ్యం పుచ్చుకున్న ఏడు వచ్చింది. చీకటిపడగానే వీధి వీధంతా వాకిళ్లలో నిలబడి, చెడు పొమ్మని గిన్నెలూ పళ్లాలూ మోగించేవాళ్లం. పంతుళ్లూ పంతులమ్మలూ బడి మానేసి రోడ్డు మీద నడిచారు. నా కూతురు కూడా బడికి వేసుకునే తెల్ల జాకెట్టు, పచ్చ లుంగీ కట్టుకుని రోజూ వెళ్లేది. ఒక రోజు వెళ్లి, రాలేదు. పోలీసు ఠాణాకి వెళితే అలాంటి మనిషి మా దగ్గర లేదన్నారు. దాని ఫోనుకి చేస్తే మోగకుండానే ఆగిపోయేది. పక్క వీధిలో ఒక తల్లిని ఠాణావాళ్లు పిలిచి, వచ్చి కొడుకుని పట్టుకుపొమ్మన్నారట. ఆమె అన్నం మూటగట్టుకుని వెళితే, వాళ్లు చూపించింది గుడ్డ కప్పిన మనిషిని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే భయం. నన్నూ అలా పిలుస్తారేమోనని.

ఎవరూ పిలవలేదు. గిన్నెలు మోగే ఇళ్ల మీదికి రాళ్లూ తూటాలూ రావడం మొదలయ్యాక వీధి కూడా నోరు మూసుకుంది. ముందుగదిలో పిల్లల చాప చుట్టి నిలబెట్టాను. అలవాటు కొద్దీ ఇద్దరికి సరిపడా బియ్యం పోసేదాన్ని, మర్నాటికి అదే చద్ది. గోడతో మాట్లాడాను, బల్లితో మాట్లాడాను. బల్లి నయం, ఊఁ కొట్టేది.

మా మెట్ల ఇళ్లలో పైవాళ్లు బాల్కనీ నుంచి తాడు వేలాడదీస్తారు. కిందనుంచి లాగితే పైన గంట మోగుతుంది. ఒక ఉదయం గంట మోగితే పడుతూ లేస్తూ దిగాను. మెట్ల మొదట్లో, బండి మీద మొహింగా, అదే చేపల పులుసు సేమ్యా, అమ్మే బర్మా ఆమె. వాళ్ల మరిది కోర్టు దగ్గర కారు నడుపుతాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. సందు మొగలో సిపాయిలున్నారేమో, నా చెవిలో నోరు పెట్టి చెప్పింది.

“ఆంటీ, పిల్లకి పౌమ పెట్టేశారు. మా మరిది విని వచ్చాడు. ఎవరితోనూ అనకు.”

నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, బండి దగ్గరికి వెళ్లిపోయింది.

నాకు తెలిసిన పౌమ ఒక్కటే. ఆగిపో.

ఏడుపు రాలేదు. పైకెక్కి దాని పచ్చ లుంగీ ఇంకొకటి ఉంటే ఉతికి ఆరేశాను. ఎందుకు ఉతికానో తెలియదు. కర్మ చేయడానికి ఇంట్లో మగదిక్కు లేదు, దేహమైనా ఇవ్వలేదు. నది అవతల దలా వెళ్లే పడవ ఎక్కి, నది మధ్యలో నేనే నువ్వులూ నీళ్లూ వదులుదామనుకున్నాను. పిల్లకి తల్లి వదలవచ్చో లేదో అడగడానికి కూడా ఎవరూ లేరు. మసక చీర కట్టుకుని కింద వీధిలో మన తెలుగాయన కొట్టుకి వెళ్లాను. కర్పూరం, పసుపు, మినుములు అమ్ముతాడు. వరసకేమీ కాకపోయినా ఆయన్ని బావ అంటాను, నన్ను ఆయన మరదలా అని ఆట పట్టిస్తాడు. ఆ రోజు సగం తలుపే తీసి ఉంది.

నల్ల నువ్వులు గుప్పెడు పొట్లం కట్టమన్నాను. ఆయన త్రాసు ముట్టుకోలేదు.

“ఏటి మరదలా, ఇప్పుడు నువ్వులెందుకు?”

“పిల్లకి పౌమ పెట్టేసినారంట, బావా.”

“అయితే?”

“అయితే ఏటుంది. అయిపోనాది. నీల్లొదులుతాను.”

ఆయన కళ్లజోడు పైకెత్తి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తరవాత ముందుకి వంగి, మెల్లగా అన్నాడు.

“ఓలమ్మా, పౌమ అంటే సెక్షనే. నూటనలబైనాలుగు సెక్షను అంటాం సూడు, ఆ సెక్షను. కేసు రాసినారన్నమాట. పేనం ఉన్నోల్ల మీదే కదా కేసు రాత్తారు. సచ్చినోల్ల మీద రాత్తే ఆల్లకి కాయితం దండగ కాదా?”

నేను ఆయన చెప్పింది మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాను. ఇంట్లో మగవాళ్ల నోట సెక్షను అన్న మాటే విన్నాను గానీ, బర్మాలో దానికీ ఆ రెండు గీతల పేరే ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. వాక్యం ముగించేదీ అదే, మనిషిని లోపల వేసేదీ అదే. అప్పుడు వచ్చింది ఏడుపు. మినుముల బస్తా మీద కూర్చుని ఏడ్చాను. ఆయన తలుపు పూర్తిగా మూసేసి, వీధిలో ఉన్న సిపాయిలకి వినపడుతుంది మరదలా అన్నాడు. నేను వచ్చేటప్పుడు వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు.

నువ్వులు కొనలేదు. కేసు రాసినవాళ్లని ఉంచే పెద్ద జైలుకి, మొహింగా ఆమెని అడిగి దారి తెలుసుకుని బస్సెక్కాను. గేటు ముందు నాలాంటి తల్లులు ఎండలో బారు తీరారు. లోపలివాళ్లని చూడనివ్వరు, సంచి మాత్రం పుచ్చుకుంటారు. ప్లాస్టిక్ డబ్బాలో చింతపండు పులిహోర, వేయించిన ఎండుచేప పెట్టి మూత మీద అమ్మాయి పేరు రాయించాను. గార్డు పేరు చదివి, తల పైకెత్తకుండా లోపలికి తోశాడు. వెనక నిలబడ్డ బర్మా ముసలామె నా కొంగు లాగి, పుచ్చుకున్నంత మాత్రాన సంబరపడకు, గార్డులే తినేసే డబ్బాలూ ఉంటాయి అంది. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ వారమంతా పులిహోర ఎవరు తిన్నారా అన్న ఆలోచనే. బావ చెప్పిన లెక్క సరే, రాసిన కేసు రాసినట్టే ఉండి, మనిషి లేకపోతేనో.

మళ్లీ సంచి పట్టుకెళ్లినప్పుడు గార్డు పాత డబ్బా తిరిగి ఇచ్చాడు. బయటికి వచ్చి, గోడ నీడన కూర్చుని మూత తీశాను. డబ్బా శుభ్రంగా కడిగి ఉంది. మూత అంచు లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి.

డబ్బా కడిగి, ఆరకుండానే తడి మీద మూత బిగించేది నాకు తెలిసి అదొక్కతే. వాసన పట్టేస్తాదే, బోర్లించి పెట్టవే అని దాన్ని ఎన్నిసార్లు తిట్టానో. చుట్టూ తల్లులు చూస్తున్నారని కూడా లేకుండా ఆ డబ్బాలో ముఖం పెట్టాను. చింతపండూ సబ్బూ కలిసిన ముక్కిన వాసన.

బస్సు వచ్చింది. ఆ తడి ఆరిపోకుండా మూత గట్టిగా బిగించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.