రొయ్యల గట్టు మీద కొండబూట్లు

మూడు నెలల కిందట మా నెల్లూరు నడక బృందంవాళ్ళు నాకొక పని అప్పగించారు. రోజూ పొద్దున్నే పదిహేనుమందిమి కలిసి నడుస్తాం. ఏడాదికి రెండుసార్లు ఊరు దాటి ఎక్కడికైనా వెళ్తాం. ఈసారి ముందు ఉదయగిరి కొండ, ఆ తర్వాత అల్లూరు దగ్గర సముద్రం ఒడ్డు అనుకున్నారు. పోయినసారి ఒకాయన హవాయి చెప్పులతో కొండకు వచ్చి, దిగేటప్పుడు పట్టీ తెగి, ఒక కాలికి నా తువ్వాలు చుట్టుకుని దిగాడు. ఆ తువ్వాలు నాకు తిరిగి రాలేదు. అది వేరే సంగతి. అందుకని ఏ దారికి ఏ పాదరక్షలు వేసుకోవాలో ఒక పేజీ రాసివ్వమని నన్ను అడిగారు. రైల్వేలో కీమ్యాన్‌గా చేరి రోజూ పట్టాల వెంట మైళ్ళకు మైళ్ళు నడిచి, మేస్త్రీగా రిటైరైనవాణ్ణి. ముప్పై ఆరేళ్ళు కంకర మీదే గడిచాయి. "కాళ్ళ సంగతి నీకు తెలిసినంత ఎవురికి తెలుసన్నా!" అన్నారు. అది పొగడ్తో ఎగతాళో అప్పటికప్పుడు తేలలేదు. గుర్తుపెట్టుకున్నాను.

కూర్చుని రాశాను. కంకర మీదికి మందపాటి అడుగు కావాలి, మడమ లోపల కదలకూడదు. కొండకైతే చీలమండను పట్టి ఉంచేంత ఎత్తు బూటు, అడుగున లోతైన పళ్ళు, ముందు ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతుంది. కొనేది సాయంత్రం పూట కొనాలి, అప్పటికి కాళ్ళు కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. కొత్త బూట్లతో నేరుగా కొండకు పోకూడదు, చదును నేల మీద నాలుగు రోజులు నడిచి కాలికి అలవాటు చేసుకోవాలి. ఇసుకకు బూట్లు దండగ, వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు. ఇంతవరకూ కలం బాగానే నడిచింది. అల్లూరు వైపు సముద్రానికి పోవాలంటే రొయ్యల గుంటల గట్లు దాటాలి కాబట్టి నాలుగో శీర్షికగా 'గట్లు' అని రాశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ మాట దగ్గర నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

మా అక్కను అల్లూరులో ఇచ్చారు. బావకు అక్కడ రెండు రొయ్యల గుంటలు. ఆయన మంచివాడని మా చర్చి అంతా అంటుంది. నా దగ్గరున్న లెక్క వేరు. పెళ్ళిరోజు ఫోటో తీసేటప్పుడు "కొంచెం జరుగు అబ్బయ్యా" అని నన్ను పక్కకు నెట్టింది ఆయనే. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో గోడ మీద ఉంది. అందులో నావి ఒక చెవి, సగం భుజం ఉన్నాయి. వెళ్ళిన ప్రతిసారీ నా చెవిని చూసుకుని కూర్చుంటాను. బావ కాలిగోళ్ళు కూడా నాకు నచ్చేవి కావు. పదీ కాఫీ డికాషన్‌లో నానబెట్టినట్టు ఉంటాయి. మనిషి చర్చికి తెల్లపంచె కట్టుకుని వచ్చేవాడు, కింద చూస్తే ఆ గోళ్ళు. కాస్త రుద్దుకుంటే పోదా అని నేను అందరి ముందూ అన్నాను కూడా. నవ్వి ఊరుకున్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట, నేను ఇంకా బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో ఉండగా, రిటైరయ్యేలోపు ఒక్కసారైనా ఉదయగిరి కొండ ఎక్కాలని బుద్ధి పుట్టింది. నెల్లూరు వెళ్ళి బూట్లు కొన్నాను. ఆ దుకాణం నడిపేది ఒక పెద్ద సాయిబు. నా పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసి, "కొండకా సార్, ఊరికే తిరగడానికా?" అని అడిగాడు. కొండకని చెప్పాను. ముదురు గోధుమరంగు తోలు బూట్లు తీశాడు. తిరగేసి అడుగు చూపిస్తూ, "ఈ పళ్ళు చూడండి, రాయిని పట్టుకుంటే వదలవు. బురదను కూడా అంతే, పట్టుకుంటే వదలవు. కొండకే వాడండి" అన్నాడు. మొదటి మాట విన్నాను. రెండో మాట అమ్మేవాళ్ళు ఊరికే అంటూ ఉంటారనుకున్నాను.

కొత్త బూట్లను కాలికి అలవాటు చేయాలి గదా. ఒక శనివారం అక్క భోజనానికి రమ్మంటే బస్సు ముందే దిగి, గుంటల గట్ల మీదుగా బావ గుంట దాకా నడుద్దామనుకున్నాను. ముందురోజు వాన పడింది. దారిలో ఒక గుంటను హడావిడిగా ఖాళీ చేస్తున్నారు. నల్లటి బురద గట్టు మీదికి పొర్లి, ముక్కు పగిలే వాసన. దాని వాకిట ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. కాకుల్ని బెదిరించడానికి కట్టారనుకున్నాను. బురదలో చీలమండ దాకా దిగుతూ, అయినా ఒక్కసారి కూడా జారకుండా ఆ గట్టంతా దాటాను. బూట్లంటే ఇవీ అని గర్వపడ్డాను.

బావ గుంట వాకిట సిమెంటు తొట్టి, అందులో ఊదారంగు నీళ్ళు. పర్మాంగనేటు కలిపిన నీళ్ళు. బావ లోపలి నుంచే నన్ను చూసి, "ఏందబ్బయ్యా, కొండకు పోతుండావా, యుద్ధానికి పోతుండావా?" అన్నాడు. గుంటలో పనిచేసే నలుగురూ నవ్వారు. "అవి అక్కడే విప్పు. తొట్లో కాళ్ళు పెట్టి రా." అందరి ముందూ, కాపలావాడి ముందూ మేత చల్లేవాడి ముందూ, యాభై ఎనిమిదేళ్ళ మనిషిని బూట్లు విప్పించి కాళ్ళు కడిగించాడు. నేను విప్పాను. తొట్టిలో రెండు కాళ్ళూ పెట్టాను. అయితే 'అక్కడే వదులు' అనలేదు, 'విప్పు' అన్నాడు. అందుకని లేసులు ముడేసి బూట్లను మెడకు తగిలించుకుని లోపలికి వెళ్ళాను. అంత ఖరీదైన వస్తువును వాకిట ఎవరు వదులుతారు?

బావ నీళ్ళు చిలికే యంత్రాల దగ్గరికి పోయాడు. నేను గట్టు మీద కూర్చుని బూట్లు తిరగేశాను. పళ్ళ సందులన్నీ నల్లబురదతో నిండిపోయి ఉన్నాయి. ఈ బూట్లతో ఇంటికి పోతే అక్క గడప దాటనివ్వదు. ఆమె గచ్చు మీద ఈగ వాలినా అడుగులు వెతుకుతుంది. గుంట మెట్టు మీదికి దిగి, ఒక పుల్ల తీసుకుని, ఒక్కొక్క పన్నూ గీరి శుభ్రం చేశాను. బురద పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. తర్వాత బూట్లను గుంట నీళ్ళలో ముంచి కడిగాను. నాలుగుసార్లు. ఏ పనైనా శుభ్రంగా చేయడం నాకు అలవాటు.

బావ తిరిగి వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. అక్కడ కొన్ని పెళ్ళలు ఉన్నాయి, బూటు పళ్ళ అచ్చుతో సహా. ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "ఏ దారిన వచ్చినావు అబ్బయ్యా?" అన్నాడు. చెప్పాను. భోజనం దగ్గర అక్క చేపల పులుసు పోస్తుంటే చెయ్యి అడ్డంపెట్టి లేచిపోయాడు. నా బూట్లు చూసి ఓర్వలేకపోయాడనుకున్నాను. అది కూడా లెక్కలో రాసుకున్నాను.

తొమ్మిదో రోజు బావ బిట్రగుంట వచ్చాడు. మధ్యాహ్నం, ఎండ పేలిపోతోంది. మోటారుసైకిలుకు డీజిల్ క్యాను తగిలించి ఉంది. మనిషి గడ్డం పెరిగి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు. "ఆ బూట్లు యాడుండాయి?" అన్నాడు. చూపించాను. తీసుకుని క్వార్టర్స్ వెనక్కు పోయి, నేల మీద పెట్టి, డీజిల్ పోసి అగ్గిపుల్ల గీశాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో పట్టా విరిగింది చూశాను, వరదలో కట్ట కొట్టుకుపోయింది చూశాను. ఒక మనిషి బూట్లను ఇట్లా తగలబెట్టడం ఎక్కడా చూడలేదు. నల్లటి పొగ లేచింది. తోలు ముడుచుకుంది, పళ్ళు కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. కాలనీవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి నిలబడి చూశారు. పూర్తిగా కాలేదాకా బావ కదల్లేదు. వెళ్తూ వెళ్తూ, "నన్నేం అడగొద్దు అబ్బయ్యా" అన్నాడు. అంతే.

బావ గుంటకు తెల్లమచ్చ జబ్బు వచ్చి, రొయ్యలన్నీ గట్టు అంచుకు చేరి చచ్చాయని, మూడు నెలల పెంపకం నాలుగు రోజుల్లో పోయిందని సాయంత్రం తెలిసింది. ఎట్లా వచ్చిందంటే, పక్క గుంటలోంచి కాకులు చచ్చిన రొయ్యల్ని ఎత్తుకొచ్చి పడేశాయని బావే అందరికీ చెప్పాడు. ఇంక నా నోటికి అడ్డేముంది? కాకుల్ని తోలడం చేతకాక, ఆ కోపం నా బూట్ల మీద తీర్చుకున్నాడని చర్చిలో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, రైలుపెట్టెల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పాను. 'కాకుల బావ' అని పేరు పెట్టింది నేనే. అల్లూరు దాకా ఆ పేరు పాకింది. తొమ్మిదేళ్ళు ఆ గడప తొక్కలేదు. అక్క నా దగ్గరికి వచ్చిపోయేది, బావ ప్రస్తావన తెస్తే నేను లేచి బయటికి పోయేవాణ్ణి. ఒక్క మాట, 'తప్పయింది' అన్న ఒక్క మాట ఆయన నోట వస్తే చాలు. అది వచ్చేదాకా కదలనని కూర్చున్నాను.

నడక బృందం కోసం నాలుగో శీర్షిక కింద చివరకు ఇట్లా రాశాను: 'గట్ల మీదికి మంచి బూట్లు వేసుకుని పోకండి. కాకుల్ని తోలలేనివాళ్ళు వాటిని కాలుస్తారు.' ఈ వాక్యం బావ ఇంట్లోనే, ఆయన వినేట్టు చదవాలనిపించింది. కొత్త బూట్లు వేసుకుని మరీ అల్లూరు వెళ్ళాను. బావ గుంట దగ్గరున్నాడు. అక్క ఒక్కతే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంది. ఆమెకే చదివాను.

అక్క చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "నీకింకా తెలీదా?" అంది.

"ఏంది తెలీంది?"

"యాడి కాకులురా? ఆ జబ్బు బురద తెచ్చింది నీ బూట్లు. మా గుంటలో కడిగింది నువ్వు. మెట్టు మీద పెళ్ళలు చూసిన కాడ్నించి ఆయన ముద్ద మింగలా. తెల్లార్లూ మందులు కలిపినాడు. రొయ్య నిలవలా."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపలేదు. "ఆ గుంట వాకిట ఎర్రగుడ్డ కట్టుండ్లా? జబ్బు గుంటకు కడతారు, ఆ పక్కకు ఎవురూ పోకూడదని. రైల్వేవోడివి, ఎర్రగుడ్డ చూసి నిలబడకుండా ఎట్ట వచ్చినావురా?"

ముప్పై ఆరేళ్ళు నా సంచిలో ఎర్రగుడ్డ మోశాను. అది ఊపి రైళ్ళను ఆపాను.

"మరి నాకెందుకు చెప్పలా?" అన్నాను.

"చెప్తే ఊరుకుంటావా? నాదెట్టా తప్పవుద్దని గుంటలోళ్ళందరి దగ్గిరికీ పోయి వాదులాడేవోడివి. అందరికీ తెలిసేది. జబ్బు తెచ్చినోడి మనుషులకు కాలవ నీళ్ళు వంతు ఇయ్యరు అబ్బయ్యా. నిన్ను ఈ ఊరి గట్టు ఎక్కనియ్యరు. అందుకని కాకుల మీద పెట్టినాడు. మళ్ళా ఆ బూట్లతో ఇంకో గుంట మీదికి పోతావేమోనని కాల్చినాడు. నువ్వు పెట్టిన పేరుతోటే తొమ్మిదేళ్ళు పిలిపించుకున్నాడు."

గోడ మీద పెళ్ళిఫోటో ఉంది. ఈసారి నా చెవి వైపు చూడలేకపోయాను.

కాసేపటికి బావ వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. నన్ను చూసి ఆగి, గడప దగ్గర విప్పిన బూట్లు చూశాడు. వంగి ఒకటి తీసుకుని తిరగేశాడు. పళ్ళ సందుల్లో బొటనవేలు పెట్టి చూశాడు. "బస్సులోనే వచ్చినాను బావా. రోడ్డు మీదనే" అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

"కొండకు మంచివే" అని బూటు కింద పెట్టాడు. "గుంట కాడికి వస్తావా? వట్టి కాళ్ళతో రావాల."

వెళ్ళాను. అదే తొట్టి, అవే ఊదారంగు నీళ్ళు. చెప్పకముందే రెండు కాళ్ళూ పెట్టి, ఆయన చాలు అనేదాకా నిలబడ్డాను. 'తప్పయింది' అన్న మాట అక్కడే అన్నాను. తొమ్మిదేళ్ళుగా ఆయన నోట వినాలనుకున్న మాటను నా నోటితో నేనే విన్నాను. యంత్రాల చప్పుడులో ఆయనకు వినిపించిందో లేదో, "మేత ట్రే చూద్దాం దా" అన్నాడు. అయినా కాల్చేముందు ఒక్క మాట చెప్పి ఉండవచ్చని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ సంగతి ఆయనకు కూడా చెప్పాను.

బృందానికి ఇచ్చిన పేజీలో నాలుగో శీర్షిక మార్చి రాశాను: గట్లకు వట్టి కాళ్ళు. వాకిట నీళ్ళుంటే కాళ్ళు ముంచండి, ఎర్రగుడ్డ ఉంటే వెనక్కి తిరగండి. బూట్లు మెడకు తగిలించుకుని కూడా పోకండి. చివరి వాక్యం ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదట.

ఇప్పుడు ప్రతి శనివారం అల్లూరు పోతున్నాను. ఆ తొట్టి నీళ్ళకు నా కాలిగోళ్ళకు కూడా అంచుల్లో గోధుమరంగు పట్టింది. మొన్న గట్టు మీద ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు, ఆయన గోళ్ళంత రంగు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందని అడిగాను. బావ నా పాదాలను తీరిగ్గా చూసి, "నీకింక అంత టైము లేదులే అబ్బయ్యా" అన్నాడు. మేత చల్లేవాడు నవ్వాడు. మామూలుగా అయితే ఆ మాటను లెక్కలో రాసుకునేవాణ్ణి. కానీ తొమ్మిదేళ్ళను ఒక జత బూట్ల కోసం తగలేసినవాణ్ణి, ఆ రంగు ముదరడానికి కావలసిన ఏళ్ళను ఇప్పుడు ఎక్కడి నుంచి తెచ్చుకోను?