ఎడమ బుగ్గలో మేకులు

మా బావ సోఫాలు కట్టే మేస్త్రి. బావ అంటే మా అక్క భర్త. ఆయన కట్టిన సీట్లో కూర్చోని పెద్దమనిషి మా ఊళ్ళో లేడు. బ్యాంకు మేనేజరు కుర్చీ ఆయనదే, సినిమా హాల్లో బాల్కనీ సీట్లు ఆయనవే, లాయరుగారి ముందు గదిలో పొడుగాటి సోఫా ఆయనదే. వాళ్ళెవరికీ తెలియని సంగతి ఒకటుంది. వాళ్ళంతా మా బావ ఉమ్మి మీద కూర్చున్నారు.

చెబితే రోతగా ఉంటుంది గానీ ఉన్నమాట. రెగ్జిన్ బిగించే చిన్న నల్ల మేకుల్ని బావ అందరిలా డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి కొట్టడు. పొద్దున షెడ్డులోకి రాగానే గుప్పెడు మేకులు నోట్లో పోసుకుంటాడు. అవన్నీ ఎడమ బుగ్గలోకి చేరతాయి. నాలుకతో ఒక్కో మేకునీ తల ముందుకొచ్చేలా తిప్పి పెదవుల మధ్యకు తోస్తాడు. అయస్కాంతం ఉన్న సుత్తిని పెదవులకు ఆనిస్తే మేకు దానికి అంటుకుంటుంది. టక్కున ఒక దెబ్బ, మళ్ళీ సుత్తి పెదవుల దగ్గరికి. చూసేవాళ్ళు భలే ముచ్చటపడతారు. పక్కనే కుట్టుమిషను మీద కవర్లు కుడుతూ ఏళ్ళ తరబడి చూస్తున్నదాన్ని, నాకు ఏ ముచ్చటా లేదు. సుత్తికీ పెదవికీ మధ్య తీగలా సాగే చొంగే నాకు కనిపించేది. అన్నానికి లేచేటప్పుడు మిగిలిన మేకుల్ని అరచేతిలోకి ఉమ్మి, మళ్ళీ అదే డబ్బాలో పోసేవాడు. ఆ డబ్బా మూత తీస్తే తుప్పు వాసనా మనిషి నోటి వాసనా కలిసి ఒక్కసారిగా మొహాన కొట్టేవి. ఇంకొకరైతే షెడ్డులోంచి తరిమేసేదాన్ని. ఏం చేస్తాం, బావ అయిపోయాడు.

"ఆ డబ్బా పక్కన పెట్టుకుని కొట్టుకోవచ్చుగా బావా, నోట్లో పోసుకోకపోతే ఏం?" అని ఒకసారి అడిగాను.

ఆగమని చేత్తో సైగ చేసి, ఉన్న మేకులన్నీ కొట్టేశాక తీరిగ్గా అన్నాడు. "నోట్లో మేకులున్నంతసేపూ నువ్వడిగినదానికి జవాబు చెప్పక్కర్లేదు మరదలా. అదే లాభం."

ఇక ఆ నోటి అందం చెప్పనక్కర్లేదు. మేకులు ఒరుసుకుని ముందు పళ్ళ అంచులు రంపంలా అయ్యాయి. కింది వరస మొత్తం గార పట్టింది. ఎడమవైపు దవడ పన్ను ఒకటి ఎప్పుడో మేకు మీద పడి విరిగి, మొనదేలి మిగిలింది. ఆలోచనలో పడితే దాన్ని నాలుకతో నిమురుకుంటూ కూర్చునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మాట వరకు బావది మంచి నోరే, గిరాకీలంతా ఆయన మాటకు పడిపోయేవాళ్ళు, కాకపోతే రెండడుగులు వెనక్కి నిలబడి. ఎందుకలా నిలబడుతున్నారో ఆయనకెప్పుడూ తట్టలేదు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు.

అక్క పల్లెత్తు మాట అనేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది, అంతే. "మీ అక్క నాతో కాదు, గోడతో కాపురం చేస్తోంది, ఎప్పుడూ అలకే" అని బావ నా దగ్గర హాస్యాలాడేవాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆయన మీద కొంత, నోరు మెదపని అక్క మీద కొంత.

మా వీధంతా కుర్చీలూ మంచాలూ చేసే షెడ్లే. వీధి చివర పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ ఉంది. ఏడాదికోసారి ఆవిడే మడత కుర్చీ, తలకు కట్టుకునే లైటు, చిన్న అద్దం పట్టుకుని షెడ్డు షెడ్డుకూ వచ్చి పనివాళ్ళ నోళ్ళు చూస్తుంది. నాకు ఏ నొప్పీ లేని రోజున వెనక పన్నులో నల్ల చుక్క ఉందని పట్టుకుంది. మర్నాడే శుభ్రం చేసి పూడ్చేసింది. "నొప్పి వచ్చేదాకా ఆగితే పన్నే పీకాల్సొచ్చేది" అంది. రంపం మేస్త్రికి చిగుళ్ళు వదులవుతున్న సంగతీ అలాగే ముందే తెలిసింది. ఆవిడ వచ్చే రోజున మాత్రం మా బావకు ఎక్కడ లేని పనులూ గుర్తొచ్చేవి. స్పాంజి అయిపోయిందనో స్ప్రింగులు తేవాలనో సైకిలెక్కి మాయమయ్యేవాడు. ఆవిడ వెళ్ళిపోయాక ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు, స్పాంజీ లేదు, స్ప్రింగులూ లేవు.

మా ఎదురు షెడ్డులో వార్నిష్ తాత ఉండేవాడు. ఆయనా అంతే, డాక్టరమ్మకు దొరికేవాడు కాదు. నాలుక పక్కన చిన్న పుండు లేస్తే ఒంట్లో వేడి చేసిందనుకుని చల్లటి మజ్జిగ తాగుతూ గడిపాడు. అది క్యాన్సరని తెలిసేసరికి కింది దవడ సగం తీసేయాల్సి వచ్చింది. ఆ తరవాత మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని, గొట్టంతో పాలు పీలుస్తూ అరుగు మీద కూర్చునేవాడు. ఆ రుమాలు ఎప్పుడూ తడిసే ఉండేది, ఈగలు వదిలేవి కాదు. పాపం పెద్దాయన, కానీ ఆ వాసనకు నేను వీధి ఇవతలి పక్క నుంచే నడిచేదాన్ని. చివరికి ఆ పాలు కూడా అక్కర్లేకుండా పోయాడు.

"ఆయన చుట్ట తాగాడు. నేను పొగ తాగను, పొగాకు నమలను, మందు ముట్టను. నా నోటికేం రోగం?" అనేవాడు బావ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఒకరోజు కుడుతూ కుడుతూ తలెత్తి చూస్తే బావ కుడి బుగ్గ ఉబ్బి ఉంది. అలా ఎప్పుడూ చూడలేదు. మేకులు కుడివైపు పెట్టుకుంటే నాలుక తడబడుతోంది, కొన్ని మొన ముందుకు వస్తున్నాయి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగుతున్నాడు.

"అటు మార్చావేం?" అన్నాను.

మేకులు అరచేతిలో ఉమ్ముకున్నాడు. "ఎప్పుడూ ఒకవైపేనా? దానికీ విశ్రాంతి కావాలిగా."

మధ్యాహ్నం కూర పక్కకు నెట్టేసి చప్పటి అన్నం మింగాడు. టీ పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. సాయంత్రం అక్కను అడిగాను.

"నెల పైనయిందే. కారం తగిలితే మంటట. వేడి చేసిందంటున్నారు" అంది.

వేడి చేసిందట. వార్నిష్ తాత మాటే. నా కళ్ళ ముందు ఆ తడి రుమాలు కనిపించింది, దాని వెనక ఈసారి బావ మొహం. భయం వేసింది, దాంతోపాటే అసహ్యమూ వేసింది. ఇంత తెలిసీ మనిషి ఇలా ఎలా ఉంటాడు? డాక్టరమ్మ మళ్ళీ మా వీధికి రావడానికి ఇంకా చాలా నెలలున్నాయి. "క్లినిక్ నాలుగు అడుగుల్లో ఉంది, వెళ్దాం పద బావా" అని మర్నాడు పొద్దున్నే అడిగాను. ఆయన గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు.

ఎన్నిసార్లడిగినా అదే జవాబు. అక్క చేత చెప్పించాను. ఆమెకూ అదే జవాబు. ఇలా ఉండగా డాక్టరమ్మ క్లినిక్‌లో పేషెంట్లు పడుకునే కుర్చీ రెగ్జిన్ చిరిగి మా దగ్గరికొచ్చింది. కుర్చీ కదలదు గనుక సీటూ వీపూ విప్పి పంపింది. నేను కవర్లు కుట్టాను, బావ కుడి బుగ్గ మేకులతోనే బిగించాడు. తిరిగి అమర్చడానికి ఇద్దరం వెళ్ళాం, బావ నోట్లో మేకులతోనే.

బావకు ఒక నియమం ఉంది. తాను కట్టిన సీట్లో తాను కూర్చోకుండా ఎవరికీ అప్పగించడు. ఒళ్ళంతా వదిలేసి, కళ్ళు మూసుకుని కాసేపు ఉంటాడు. ఎక్కడ గట్టిగా ఉన్నా నడుమే చెబుతుందంటాడు. ఆయన కుర్చీ కింద దూరి బోల్టులు బిగిస్తుంటే నేను డాక్టరమ్మ పక్కకు జరిగాను.

"ఎడమ బుగ్గలో ఏదో ఉందండీ. నెల దాటింది. రమ్మంటే రాడు. ఇప్పుడు తనంతట తానే కూర్చుంటాడు, చూడండి" అని చెవిలో చెప్పాను.

ఆవిడ గ్లౌజులు తొడుక్కుంది.

బావ లేచి, గుడ్డతో సీటు తుడిచి, దర్జాగా కూర్చున్నాడు. ఆవిడ కాలితో మీట నొక్కింది. కుర్చీ వెనక్కి వాలింది. పైనుంచి లైటు సరిగ్గా మొహం మీద పడింది.

"మెత్తగా ఉందా మేస్త్రీ?"

"ఊఁ."

"నోట్లో ఏంటవి?"

బావ తలెత్తి మిగిలిన మేకుల్ని అరచేతిలో ఉమ్మాడు. రోజంతా జనం నోళ్ళు చూసే మనిషి, ఆ అరచెయ్యి చూసి ఆవిడ కూడా మొహం తిప్పుకుంది.

"తల సరిగ్గా ఆనుతోందో లేదో చూస్తాను. నోరు తెరవండి."

బావ ఇరుక్కుపోయాడు. లేచి వెళ్ళిపోతే సీటు బాగాలేదని ఒప్పుకున్నట్టు. ప్రాణం పోయినా ఆ మాట పడడు. నావైపు కొరకొరా చూసి నోరు తెరిచాడు.

డాక్టరమ్మ అద్దం లోపల పెట్టి బుగ్గ పక్కకు లాగింది. ఆ వాసన గది మొత్తం పరుచుకుంది, నేను కిటికీ తీశాను. తరవాత ఆవిడ ఒక పెద్ద చేతి అద్దం బావకిచ్చి, "మీరే చూడండి" అంది.

నేనూ చూశాను. చూడకుండా ఉండాల్సింది. బుగ్గ లోపల తడిసిన సున్నం పెచ్చులా తెల్లటి మచ్చ, మధ్యలో అక్కడక్కడ ఎర్రగా. విరిగిన పన్ను మొన సరిగ్గా దానికే గుచ్చుకుంటోంది. చిగుళ్ళ వెంబడి పచ్చటి పాచి, పళ్ళ సందుల్లో తుప్పు రంగు. రోజూ అద్దంలో గడ్డం గీసుకునే మనిషి, నోరు మూసుకునే గీసుకున్నాడు ఇంతకాలం. బావ చూశాడు, చూశాడు, ఒక్కసారి డోకొచ్చి పక్కనున్న సింకులోకి వంగాడు.

నోరు కడుక్కుని, నావైపు తిరగకుండానే అడిగాడు. "ఇన్నేళ్ళూ దీని పక్కనా మీ అక్క పడుకుంది?"

"గోడవైపు తిరిగి" అన్నాను.

అంతకు మించి ఏమన్నా ఆ పూట ఎక్కువే అయ్యేది.

డాక్టరమ్మ పళ్ళన్నీ శుభ్రం చేసింది. గార పలుకులు పలుకులుగా ఊడి గిన్నెలో పడుతుంటే నేను గుమ్మం బయట నిలబడ్డాను. విరిగిన పన్ను తీసేసింది. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పెద్దాసుపత్రికి పరీక్షకు పంపింది. "పొగాకు లేకపోయినా క్యాన్సర్ వస్తుందా?" అని బావ అడిగాడు. "తక్కువమందికి వస్తుంది. ఆ తక్కువమందిలో మీరు లేరని ఎవరు చెప్పారు?" అంది ఆవిడ.

ఫలితం వచ్చేదాకా షెడ్డులో సుత్తి చప్పుడు లేదు. బావ నోట్లో మేకులూ లేవు, మాటలూ లేవు. మచ్చలో మార్పు మొదలైందనీ, ఇంకా క్యాన్సర్ కాలేదనీ, ఇప్పుడే కోసి తీసేస్తే సరిపోతుందనీ డాక్టరమ్మ చెప్పినప్పుడు అక్క అక్కడే నేల మీద కూలబడింది. పెద్దాసుపత్రిలో కోసి తీసి, కుట్లు వేసి పంపారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జాతి మాది. ఈసారి కాలకముందే పట్టుకున్నాం, అదీ ఎవరి తెలివితోనూ కాదు, ఓ కుర్చీ చిరగబట్టి.

మేకుల డబ్బాను నేనే చీపురుతో నెట్టుకుంటూ వెళ్ళి చెత్తబండిలో పడేశాను, చేత్తో ముట్టుకోలేదు. ఇప్పుడు బావ కొత్త గిన్నెలోంచి ఒక్కో మేకూ వేళ్ళతో తీసి కొడుతున్నాడు. పని నెమ్మదించింది. వేళ్ళు నలిగినప్పుడల్లా నన్ను తిడతాడు.

మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని, ఈలోపు ఇంట్లో ఎవరో ఒకరు టార్చి వేసి లోపల చూస్తుండాలని డాక్టరమ్మ చెప్పింది. "ఎవరు చూస్తారు?" అనడిగితే నేను తల దించుకున్నాను. నా వల్ల కాదు, ఉన్నమాటే చెబుతున్నాను. "నేను చూస్తాను" అంది అక్క.

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ వరండాలో స్టూలు మీద తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. అక్క ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో చెంచా కాడ పట్టుకుని బుగ్గ పక్కకు లాగుతోంది. మొహం వికారంగా పెట్టింది.

"ఛీ, పొద్దున సరిగ్గా తోముకోలేదా? నాలుక ఎత్తండి" అంది.

ఎత్తాడు. అటు చూసింది, ఇటు చూసింది, కుట్ల గుర్తు మీద వేలితో తడిమింది. టార్చి ఆర్పేసింది.

"ఏం లేదు. ఇక మూసుకోండి."

బావ మూసుకోలేదు. నోరు అలాగే తెరిచి, చేత్తో అక్క మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంకోసారి చూడు" అన్నాడు.

అక్క ఛీ ఛీ అనుకుంటూనే మళ్ళీ టార్చి వేసింది.