మెరక దగ్గర నాంచారయ్య

బెజవాడలో గేర్ల సైకిల్ కొన్నప్పుడు, సీటు ఎత్తు సరిచేసి గేర్లు మార్చడం నేర్పే పనీ, మొదటి సర్వీసూ నాకు అక్కర్లేదని చెప్పి, వాటి ఖరీదు ధరలోంచి కొట్టేయించిన ఘనత నాది. రెండు గంటలు బేరమాడాను. తొక్కితే అదే వస్తుంది, నేర్పడానికి డబ్బులేమిటన్నాను. కొట్టతను చివరికి దణ్ణం పెట్టి తగ్గించాడు. మూడు తరాలుగా నూజివీడులో స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్న ఇంట్లో పుట్టినదాన్ని. ఆ రోజు సైకిలుకన్నా ఆ తగ్గింపునే మురిపెంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఈ ఉదయం విస్సన్నపేట రోడ్డు మీద, కోతకొచ్చిన మామిడి తోటల సొన వాసనలో, మెరక ఇంకా మొదలుకాకముందే గేరు మీట నొక్కాను. గొలుసు టిక్కుమని పక్క పళ్ళచక్రం మీదికి జరిగింది. అంత చిన్న చప్పుడు. అది వినగానే నాంచారయ్య గుర్తొచ్చాడు. ఆయన జన్మలో గేర్ల సైకిల్ ఎక్కలేదు. నాకు గేర్లు నేర్పింది మాత్రం ఆయనే.

మొదటి వారమంతా మెరకతో కూడా కొట్లో బేరమాడినట్టే వ్యవహరించాను. నేను ముందుగా దిగిరాను, అవతలివాళ్ళే దిగాలి. బరువు గేరులోనే సగం మెరక లాగి, ఇక ఊపిరి అందక, పెడళ్ళ మీద నిలబడి ఒళ్ళంతా వేసి తొక్కుతూ అప్పుడు మీట నొక్కేదాన్ని. గొలుసు కరకరమని మూలిగి ఊడిపోయేది. అదీ రోజూ ఒకే చోట, సుబ్బారావుగారు గుత్తకు తీసుకున్న రసాల తోట గేటు ముందు. పూత మీదే తోట కాపంతా కొనేసుకుని, కాయ దిగేదాకా కాపలా పెట్టుకునే వ్యాపారి ఆయన. ఆయన పెట్టిన కాపలాదారు నాంచారయ్య. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు కాయ కోసినవాడు.

నాలుగో రోజు నేను కంచె పక్కన కూర్చుని గొలుసుతో కుస్తీ పడుతుంటే కర్ర పట్టుకుని వచ్చాడు. రోజూ ఇదే చోట ఎందుకు ఆగుతున్నానని అడిగాడు. తర్వాత నెమ్మదిగా, “సంచి చూపించండమ్మా,” అన్నాడు. నన్ను దొంగ అనుకుంటున్నాడని ఒళ్ళు మండింది. సంచిలో అరటిపండు, పానా తప్ప ఏమీ లేవని చూసి కర్ర పక్కన పెట్టి, రెండు పుల్లలతో గొలుసు ఎక్కించాడు. ఎంతివ్వమంటారని అడిగితే ఏమీ వద్దన్నాడు. అక్కడే నాకు అనుమానం పుట్టింది. మా కొట్లో కూడా ముందు టీ ఊరికే ఇస్తాం. ఎందుకు ఇస్తామో నాకు తెలుసు.

మర్నాడు నేను వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు. నన్ను కిందకీ పైకీ తిప్పించి, గొలుసు చప్పుడు చెవి ఒగ్గి వినేవాడు. డబ్బులకు ఎప్పుడు చెయ్యి చాస్తాడా అని నేను ఆయన చేతులు గమనిస్తూ తొక్కేదాన్ని.

“మీరు మెరకతో బేరమాడుతున్నారమ్మా. అది తగ్గేది కాదు,” అన్నాడు ఒకరోజు. చివర వలసంచి కట్టిన చిక్కం గడ తెచ్చి కొమ్మకున్న కాయను చూపించాడు. “బరువు మీద ఉండగా లాగితే తొడిమ ఊడి సొన కారుద్ది. ముందు చిక్కంతో కాయని కాస్త పైకెత్తాలి. బరువు పోయాక తెంపాలి. మీ కాలు కూడా అంతే. తిప్పడం ఆపొద్దు, నొక్కడం తగ్గించి అప్పుడు మీట నొక్కండి.”

ఎక్కడ నొక్కాలో కూడా చెప్పాడు. మెరకకు ముందున్న కరెంటు స్తంభం. అది దాటాక నొక్కితే ఆలస్యమే. ఒక్కో మెట్టే మార్చాలి, ఒకేసారి మూడు కాదు. పదో రోజుకు గొలుసు మూలగడం మానేసింది. ఆ రోజు ఆయన నాలుగు రాలుకాయలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. గాలికి రాలినవి కాపలావాడివే, అది ఇక్కడి ఆనవాయితీ. అది తెలిసి కూడా దారి పొడుగునా లెక్కలు వేశాను. రేపు కొట్లో అరువు అడుగుతాడా? లేక ఇవి కోసిన కాయలేనా, నన్ను కూడా ఈ దొంగతనంలోకి లాగుతున్నాడా?

ఆ సాయంత్రం సుబ్బారావుగారు కోతకూలీల వంటకు బేసిన్లు కొనడానికి మా కొట్టుకి వచ్చారు. ధర దగ్గర పట్టుబట్టి కూర్చున్నారు. కాయ లెక్క తక్కువొస్తోందని, ఈ ఏడు చేతికేమీ మిగలదని మొదలుపెట్టారు. ఆ ఏడుపు ఆపాలి, అంతే నాకు కావలసింది.

“మీకు మిగలకేమండీ,” అన్నాను నవ్వుతూ. “మీ కాపలాదారు రోడ్డున పోయేవాళ్ళకి కూడా కాయలు పంచుతున్నాడు. నాకూ నాలుగిచ్చాడు.”

ఆయన బేరం ఆపేశారు. నేను చెప్పిన ధరకే బేసిన్లు తీసుకుని వెళ్ళిపోయారు. నా నేర్పుకు నేనే మురిసిపోయాను.

మర్నాడు గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. నాంచారయ్య ఏడంటే, తీసేశారన్నాడు. అటునుంచి అటే సుబ్బారావుగారి దగ్గరికి వెళ్ళి, అవి రాలుకాయలేనండీ, నేను బేరం కోసం అన్నాను అని చెప్పాను. ఆయన నవ్వారు. “నిన్నొక మాట, ఇవాళొక మాట. ఏది నమ్మమంటావమ్మాయ్?”

నాంచారయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వాకిట్లో చిక్కం వల అల్లుకుంటున్నాడు. జరిగింది దాచకుండా చెప్పాను. అల్లడం ఆపలేదు. నా దగ్గర ఏం ఆశించి నేర్పారని అడిగాను. ఆ పరిస్థితిలో కూడా అది అడగకుండా ఉండలేకపోయాను.

“ఏముందమ్మా. పొద్దున్నే ఆ గొలుసు మోత వినలేకపోయా,” అన్నాడు. ఒక ముడి వేసి, “మొదట్లో మిమ్మల్ని సుబ్బారావుగారే నా మీద నిఘాకి పంపారనుకున్నా. సంచిలో పానా చూశాక, ఛ, కాదులే అనుకున్నా,” అన్నాడు.

కాపు ముగియడానికి ఇరవై రెండు రోజులున్నాయి. అన్ని రోజుల కూలీ ముందు పెట్టాను. లెక్కపెట్టుకుని తీసుకున్నాడు. నేర్పినందుకేమీ అడగలేదు, దానికి ధర చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మరుసటి కాపుకు చుట్టుపక్కల ఏ గుత్తదారూ ఆయన్ని కాపలాకు పెట్టుకోలేదు. కాయలు పంచుతాడట అన్న మాట ఆయనకన్నా ముందే ప్రతి తోటకూ చేరుతోంది. అది ఎవరి నోట బయల్దేరిందో నాకు తెలుసు. నేను వెళ్ళి కాదని చెప్పిన చోటల్లా, ఏమీ లేకపోతే ఈమె ఇంత దూరం ఎందుకొస్తుందని ఇంకాస్త అనుమానించారు. ఆయన బాపులపాడులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ బేసిన్ల మీద నాకు మిగిలింది నూట ఇరవై రూపాయలు. ఇరవై రెండు రోజుల కూలీ కట్టాను. ఆయన పోగొట్టుకున్న పేరు కట్టలేదు, కట్టలేను కూడా. అది నా బాకీగానే ఉంది.