మోకాలి లోతే అన్నాను

ఒక మాట చాలా ఏళ్లుగా నా గొంతులో ఉండిపోయింది. బయటపెడితే ఏమవుతుందోనని భయం. చెప్పకుండానే పోతానేమోనని ఇంకో భయం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సెల్‌ఫోన్లలోకి ఇంకా ఇంటర్నెట్ రాని రోజులు. నర్సీపట్నంలో కాలేజీ దారిలో ఉన్న ఒక నెట్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. నేను కాలేజీ గుమ్మం ఎక్కలేదు. కానీ శాఖా గ్రంథాలయంలో నేను తిరగేయని బీరువా లేదు. ఏది అడిగినా చెబుతానని డిగ్రీ పిల్లలు నన్ను "మాస్టారూ" అనేవారు. ఆ పిలుపు కోసం ఏమైనా చేసేవాణ్ణేమో.

అప్పుడే అందరూ స్నేహితుల సైట్లలో చేరుతున్నారు. మా మన్యం కొండలకు పర్యాటకులు రావాలని వాటిలో ఒకదాంట్లో పేజీ పెట్టాను. ఒక జలపాతం గురించి లైబ్రరీ పుస్తకంలో చదివింది నా మాటల్లో రాసి, ఎవరో కస్టమర్ కంప్యూటర్లో వదిలేసి వెళ్లిన దాని ఎండాకాలపు ఫోటో జత చేశాను. పుస్తకంలో ఇంకో సంగతి కూడా ఉంది. పైన కొండల్లో వాన పడితే జలపాతం కింది మడుగులోకి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడతాయని, వానాకాలంలో కొండవాళ్లు అందులో దిగరని. అది రాయలేదు. అందం చెడుతుందనుకున్నాను. నిజంగా అందుకేనా? లేక అది చదివితే ఎవరూ వెళ్లరనా?

పిల్లలు ఎగబడ్డారు. "ఇది మన పక్కనేనా బాసూ!", "ఎప్పుడెళ్దాం?" అని ఫోటో కింద రాసేవారు. వాటిని మళ్లీ మళ్లీ చదువుకుని పొంగిపోయేవాణ్ణి.

ముసురు పట్టిన రోజుల్లో ప్రేమ్‌కుమార్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోటవురట్ల నుంచి బస్సులో కాలేజీకి వచ్చేవాడు, వాళ్ల చర్చిలో గిటార్ వాయించేవాడు.

"మాస్టారూ, ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి మీ జలపాతానికి ఎల్తన్నాం. మా నాన్నకి సెప్పకండేం, బేగి వచ్చేస్తాం. నీళ్లల్లో దిగొచ్చా?"

"మోకాలి లోతే తమ్ముడూ. భయమేటి?"

"మీరు సూసారా?"

"సూడకుండా రాస్తానా ఏటి?"

"అయితే ఇంకోసారి బాప్తిస్మం తీసేసుకుంటాను" అని నవ్వాడు.

వెళ్లినవాళ్లలో అతనొక్కడే తిరిగి రాలేదు.

వాళ్ల ఊరు ఊరంతా అతని శవపెట్టె వెనక నడుస్తుంటే, నేను సెంటర్ షట్టర్ సగం దించి ఆ పేజీ చెరిపేశాను. దుఃఖంతో చెరిపానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. దొరికిపోతానన్న భయంతో.

తర్వాత వాళ్ల నాన్న వచ్చారు. కొడుకు అంత ముచ్చటపడిన చోటు ఎలా ఉంటుందో ఆ పేజీలో చూపించమన్నారు. సైటువాళ్లు తీసేసినట్టున్నారని చెప్పాను. శ్రమ ఇచ్చానేమోనని నాకు దండం పెట్టి వెళ్లిపోయారు.

ప్రేమ్‌తో ఆ రోజు నేనన్న మాటలు విన్నవాళ్లెవరూ లేరు. అయినా బజారులో ఆయన కనిపిస్తే సందులోకి తప్పుకుంటాను. వాన మొదలైతే కిటికీలు మూసేస్తాను. ఆయన ముందు నిలబడి ఎప్పటికైనా చెప్పగలనా? చెప్పలేనేమో. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

ఆ రోజు బల్ల దగ్గర అనాల్సింది ఇప్పుడు అంటున్నాను. ప్రేమ్, నేనక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ నీళ్లు ఎంత లోతో నాకు తెలియదు.