లేని మెమరీ

అనకాపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఈశ్వరికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. సర్వర్ గదిలో ఉన్నది ఒక్క పెద్ద యంత్రమే. ల్యాబ్‌కీ, మందుల షాపుకీ, స్కానింగుకీ వేర్వేరు కంప్యూటర్లు ఉన్నట్టు అదే లోపల నడిపిస్తుంది. వాటన్నిటికీ పంచిన మెమరీ నిజంగా ఉన్నదానికి రెండింతలు. అన్నీ ఒకేసారి అడిగితే కావలసిన సమాచారం మెమరీలో దొరకదు, ప్రతిసారీ నెమ్మదిగా పనిచేసే డిస్కులోంచి తెచ్చుకోవాలి, దాంతో అన్నీ బిగుసుకుపోతాయి. ఈ సంగతి ఆమె మూడుసార్లు రాసిచ్చింది. మేనేజరు పరదేశి మెమరీ కొనలేదు సరికదా, హాల్లో ప్రకటనలు వేసే టీవీల కోసం ఆ యంత్రంలోనే ఇంకో కంప్యూటర్ పెట్టించాడు.

సోమవారం ఉదయం ల్యాబ్ తెర బిగుసుకుపోయింది. రాంబిల్లి నుంచి వచ్చిన మరిడమ్మ భర్త ఆపరేషన్ గది ముందు స్ట్రెచర్ మీదే ఉన్నాడు. రక్తం రిపోర్టు రాలేదు. "గంట నుంచీ ఇదే మాట సెప్తన్నారు. ఆయనకేటైనా అయితే ఎవుర్నడగాల?" అని ఆమె ల్యాబ్‌లోకొచ్చి కేకలేసింది.

"ఈ అమ్మాయినే అడుగు. సిస్టమ్ ఈవిడదే" అన్నాడు పరదేశి.

ఈశ్వరి పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చుని టీవీల కంప్యూటర్‌ని ఆపేసింది. హాల్లో తెరలన్నీ నల్లబడ్డాయి.

"ఛైర్మన్ గారొచ్చే టైము! ఎవర్నడిగి ఆపేవు?"

"మీరెవర్నడిగి పెట్టేరు సార్?" ఆమె గొంతు దాదాపు వినిపించడం లేదు. "లేని మెమరీ నేనెక్కణ్ణుంచి తేవాల? మళ్లీ ఆన్ చెయ్యాలంటే మీ చేత్తోనే చెయ్యండి. ఈయమ్మ చూత్తాది."

పరదేశి చెయ్యి మౌసు దాకా వెళ్లింది. మరిడమ్మ ఆ చేతినే చూస్తూ నిలబడింది. ప్రింటరులోంచి రిపోర్టు బయటికి వచ్చేవరకూ ఆ చెయ్యి కదల్లేదు.