మామ్మ అనుమానం

నా చిన్నప్పుడు, 1968 చివర్లో, వరికోతలై నూర్పులు సాగుతున్న రోజుల్లో ఒక గురువారం. మా ఇంటి వసారాలో ఆ రోజు ఉన్నవాళ్లు: మా మామ్మ, అంటే నాన్న తల్లి, తొమ్మిదేళ్ల నేను, నాలుగేళ్ల మా తమ్ముడు, జీపులో వచ్చిన ఒక అమ్మగారు, ఆవిడ వెంట టేపురికార్డరు మోసుకొచ్చిన డ్రైవరు. అమ్మా నాన్నా కళ్లంలో ఉన్నారు. డైరీ రాసే అలవాటు నాకు పెద్దయ్యాక వచ్చింది కాబట్టి తేదీ చెప్పలేను. గురువారం అని మాత్రం గట్టిగా చెప్పగలను. ఎందుకంటే మర్నాడు, శుక్రవారం, తమ్ముడికి వాత పెట్టించాలని ఇంట్లో నిర్ణయమైపోయింది.

తమ్ముడికి మాటలు రాలేదు. నవ్వేవాడు, అలిగేవాడు, ఏం కావాలన్నా నా చెయ్యి పట్టి లాగేవాడు. నాలుక మందమని నాన్న నమ్మకం. పసుపు కొమ్ము కాల్చి దవడ కింద వాత పెడితే నాలుక తిరుగుతుందని పక్కూరి పెద్దాయన ఒకరు చెప్పాడు. అంతకు ముందు మా వీధిలో ఒక పిల్లకు అలా పెట్టగా చూశాను. ఆ పిల్ల అరుపు గుర్తొచ్చి నాకు అన్నం సహించడం మానేసింది.

వచ్చిన అమ్మగారు, పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో, చదువు ఎలా పట్టుబడుతుందో ఊరూరా తిరిగి పరిశోధన చేసే మనిషి. ఈ సంగతి ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మా కోటబొమ్మాళి చుట్టుపక్కలకు ఆ రోజుల్లో జీపు వచ్చిందంటే పోలీసులైనా అయ్యుండాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వాళ్లైనా అయ్యుండాలి. పిల్లల కబుర్లు వినడానికి జీతమిచ్చి పంపేదెవరని పెద్దలు నవ్వారు. టేపురికార్డరు కళ్లబడ్డాక ఆ నవ్వూ ఆగిపోయింది.

"మాటలన్నీ ఆ పెట్టిలోకి లాగీస్తే గుంటల నోట్లో ఏటి మిగుల్తాది?" అని మామ్మ పక్కింటి అక్కతో అంది. మా వైపు గుంటలంటే పిల్లలు. ఇంట్లో ఒకడికి ఎలాగూ మాటలు లేవు, ఉన్న ఒక్కర్తి మాటలూ పోతే ఎలాగని ఆవిడ భయం. అందుకే కళ్లానికి వెళ్లకుండా గడపకు అడ్డంగా కూర్చుని, అమ్మగారి చేతులు ఎటు కదిలితే అటు చూస్తూ ఉంది.

అమ్మగారు నాకు బొమ్మలు చూపించి పేర్లు అడిగారు. నేను గడగడా చెప్పాను. తర్వాత నా ఎదురుగా ఆడుకుంటున్న తమ్ముడి వెనక్కి వెళ్లి మెల్లగా పిలిచారు. వాడు వెంటనే తిరిగాడు. వినికిడి బాగానే ఉందని ఆవిడ రాసుకున్నారు.

"ఇనపడకేటి? పిలిత్తే తిరుగుతాడు. ఒట్టి మొండోడు. రేపు వాత పెడితే ఆడే మాటాడతాడు," అంది మామ్మ.

మధ్యాహ్నం నేను దూడకు కుడితి పెట్టడానికి పెరట్లోకి వెళ్లాను. అప్పుడే మామ్మ తమ్ముణ్ని అన్నానికి పిలిచింది. ఆ పిలుపు, ఆ తర్వాతి తిట్టు, వీపు మీద పడిన దెబ్బ అన్నీ నాకు పెరట్లోకి వినిపించాయి. నేను తిరిగి వచ్చేసరికి అమ్మగారు రాయడం ఆపేసి, ఒకసారి వాణ్ని, ఒకసారి నన్ను మార్చి మార్చి చూస్తున్నారు. కాసేపటికి దాగుడుమూతలు ఆడదామా అని నన్ను దగ్గరకు తీసుకుని, నా కళ్లు మూయబోయారు.

"గుంట కళ్లెందుకమ్మా మూస్తన్నావు?" మామ్మ లేచి నిలబడింది.

"కళ్లే కదమ్మా, నోటికి అడ్డం పడను. మీ మనవడే, మీరే పిలవండి. నేను నోరెత్తను."

ఆవిడ అరచేతులు చల్లగా ఉన్నాయి. ఆ చీకట్లోంచి నేను మామ్మ గొంతు విన్నాను. "ఒరే నానా!" అని మామూలుగా పిలిచింది. "ఒరే, నిన్నేరా!" అని కసిరింది. "ఇటు సూడరా నాయినా, ఒక్కసారి సూడరా" అంటున్నప్పుడు ఆ గొంతు నేనెప్పుడూ విననిది.  తర్వాత పెరట్లో కోడి అరుపొక్కటే వినిపించింది.

చేతులు తీసేసరికి తమ్ముడు మామ్మకు వీపు పెట్టి గడ్డిపరకలు పేర్చుకుంటున్నాడు. నేను మామ్మ వైపు చూశాను. వాడు తలెత్తి నా ముఖం చూశాడు, నా చూపు పోయిన వైపు తిరిగాడు, మామ్మను చూసి నవ్వాడు.

"ఈ బాబు అక్క ముఖం చూసి వింటున్నాడమ్మా," అన్నారు అమ్మగారు. "పొద్దున్న నేనూ మోసపోయాను. నేను డాక్టర్ని కాను. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చెవులు చూపించండి. వాత పెడితే కాలేది చర్మమే."

మామ్మ మండిపడింది. "పొద్దున్న తిరిగినోడు ఇప్పుడెందుకు తిరగడు? ఏటి సేసేవు ఆడికి? ఎల్లండి, ఎల్లండి!" అని పెట్టెతో సహా ఇద్దరినీ వీధిలోకి నడిపించింది. అమ్మగారు జీపెక్కారు.

అక్కడితో మామ్మ ఆ విషయం వదిలేస్తుందనుకున్నాను. జీపు దుమ్ము అణగగానే నన్ను గదిలోకి పంపి తలుపు గడియ పెట్టింది. తర్వాత వసారాలో ఇత్తడి పళ్లెం మీద గరిటె మోత. కాసేపాగి మళ్లీ మోత. తలుపు సందులోంచి చూశాను, వాడు తిరగలేదు. వాడు ఆటలో పడి పట్టించుకోవడం లేదేమోనని గడ్డి లాగేసి, ఖాళీ చేతులతో కూర్చోబెట్టి వాయించింది. ఆ అమ్మగారేదో ప్రయోగం చేసిందేమోనని ఉప్పుతో దిష్టి తీసి వాయించింది. చివరికి తలుపు తీసి నన్ను పట్టుకుంది. "ఇన్నాళ్లూ నువ్వు ఆడికి సైగ సేస్తన్నావా?" లేదన్నాను. నిజంగా నాకూ తెలియదు. నేను అటు తిరగడమే వాడికి పిలుపు అని నేనెలా అనుకుంటాను? మామ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుని దీపాలు పెట్టే వేళ దాకా అలాగే కూర్చుంది. పొద్దుటి నుంచీ పరాయి మనిషిని శంకించిన ఆ చూపు, ఇప్పుడు నాలుగేళ్లుగా తాను నమ్మినదాని మీదికి తిరిగిందని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

మర్నాడు తెల్లవారగానే పక్కూరి పెద్దాయన మూటతో వచ్చాడు. నాన్న తమ్ముణ్ని ఎత్తుకుని సిద్ధంగా ఉన్నాడు. మామ్మ గడపలో నిలబడింది.

"కూకో బావా, మజ్జిగ తాగెల్లు. నీకిక్కడ పని నేదు."

"ఏటమ్మా ఇది? జీపోళ్ల మాట నమ్మీసేవా?" అన్నాడు నాన్న.

"ఆళ్ల మాట నాను నమ్మనేదు. నా మాట నువ్వూ నమ్మకు. ఇదిగో పళ్లెం, ఎనకాల నిలబడి నువ్వే వాయించి సూసుకో. ఆడు తిరిగేడా, నానే పట్టుకుంటాను, వాత పెట్టించు."

నాన్న పళ్లెం అందుకున్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు. నేనే వీధిలోకి వెళ్లి, తమ్ముడికి కనపడకుండా గోడ పక్కన కూర్చున్నాను. పళ్లెం మోతకు ఎదురింటి వాళ్లు బయటికి వచ్చారు. మళ్లీ మోగింది. ఆ తర్వాత మోగలేదు. చాలాసేపటికి పెద్దాయన మూట విప్పకుండానే, మూతి తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు. లోపల నాన్న ఏడుస్తున్నాడు.

దేన్నైనా నేను గట్టిగా నమ్ముతున్నానని తోచినప్పుడు ఇప్పటికీ మనసులో ఆ గోడ పక్కకే వెళ్లి కూర్చుంటాను. నేను ఎదురుగా లేకపోయినా అది అలాగే ఉంటుందా అని చూస్తాను.